ఫోన్‌లో పోలీసుకు వేసిన ఒట్టు

మదనపల్లె,
శుక్రవారం.

అమ్మకు,

నీ పెద్ద కూతురు రాజేశ్వరి నీ పాదాలకు మొక్కి రాస్తున్న ఉత్తరం. దేవుడి దయవల్ల ఇక్కడ నేనూ, నీ అల్లుడూ ఆరోగ్యంగానే ఉన్నాము. కుప్పంలో నువ్వు, తమ్ముడు నరేంద్ర, మరదలు, మనవరాలు వీణ చల్లగా ఉండాలని రోజూ దీపం దగ్గర అనుకుంటాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. చెవులు సరిగా వినపడక నువ్వు ఫోను పట్టుకోవడం మానేశావని తమ్ముడు బాధపడతాడు గానీ, నాకు మాత్రం నీ గుండ్రటి అక్షరాలు చూస్తే నీ పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. నువ్వు పంపిన చింతకాయ తొక్కు చెడిపోకుండా వచ్చింది. నా మోకాలి నొప్పి తగ్గింది, మెట్లెక్కేటప్పుడు మాత్రం పట్టుకుంటోంది. నీ అల్లుడు ఎందుకు చిక్కిపోయాడని అడిగావు. టమోటా కాయ ఎక్కువగా దిగుతోందమ్మా. మండీలో గుమాస్తా పని కదా, చీకటితో యార్డుకు పోతే మధ్యాహ్నం మూడైనా ఇంటికి రావడం లేదు. తిండి వేళకు లేక అట్లా అయ్యాడు, ఇంకేమీ లేదు.

ఇక నువ్వు చివర్లో అడిగిన మాట. "మీ నాన్న సంవత్సరీకం రోజు పుంగనూరు ఇంట్లో నువ్వూ, నీ చెల్లెలు ఇందూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆ ఇల్లు దాని పేరున రాసిచ్చినానని నీకు కడుపులో కోపం ఉందా?" అని రాశావు.

ఇల్లు కాదమ్మా. ఆ ఇంటి మీద నాకు ఏనాడూ ఆశ లేదు. అసలు సంగతి వేరే ఉంది. మూడు రోజులుగా కాగితం ముందర పెట్టుకుని లేచిపోతున్నాను. ఈరోజు రాసి, మధ్యాహ్నం టపాలో వేసే దాకా వేరే పని ముట్టకూడదని స్నానం చేసి కూర్చున్నాను.

శ్రావణం మొదట్లో ఒక గురువారం పొద్దున నేను బియ్యం ఏరుతుంటే ఫోను మోగింది. నా ఆధార్ కార్డు పెట్టి ఎవరో సిమ్ము తీసుకుని ఆడపిల్లలకు తప్పుడు ఫోటోలు పంపుతున్నారట, నా మీద కేసు ఉందట. కాసేపటికి వీడియోలో ఖాకీ బట్టల్లో ఒక మనిషి కనిపించాడు. వెనక గోడ మీద జెండా, బల్ల మీద ఫైళ్ళు. మాట మన వైపుది కాదు, చాలా మర్యాదగా ఉంది.

"మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేస్తున్నాం అమ్మగారూ. ఇల్లు దాటకూడదు. ఫోను కట్ చేయకూడదు. మా కళ్ళ ముందరే ఉండాలి."

గట్టిగా మాట్లాడటం నాకు చిన్నప్పటి నుంచీ రాదని నీకు తెలుసు. "సరే సార్" అన్నాను. ఫోనును కందిపప్పు డబ్బాకు ఆనించి వంట చేశాను. మధ్యాహ్నం నీ అల్లుడు వస్తే, తలనొప్పి అని చెప్పి ఫోనుతో సహా గదిలో తలుపేసుకున్నాను. సందెవేళ అయింది. "సార్, దీపం పెట్టుకుని వస్తాను" అని అనుమతి అడిగాను.

"పెట్టుకోండమ్మగారూ. దేవుడి పనికి నేను అడ్డం చెప్పను. ఫోను మాత్రం తీసుకెళ్ళండి."

ఆ ఒక్క మాటతో ఎంత మంచివాడో అనుకున్నాను. పూజగదిలో ఫోను పెట్టాను. పటం చూసి, "ఆయన కాణిపాకం స్వామి కదా?" అని అడిగాడు. అవునన్నాను. "అయితే ఆయన మీద ప్రమాణం చేయండి. ఈ కేసు సంగతి ఎవరికీ చెప్పనని. మీ ఆయనకు కూడా."

కర్పూరం వెలిగించి, చెయ్యి చాపి ఒట్టేశాను.

అమ్మా, నువ్వు మమ్మల్ని ఎట్లా పెంచావో గుర్తు తెచ్చుకో. ఆటలో ఉత్తుత్తికే "వినాయకుని తోడు" అన్నా నూటొక్క గుంజీలు తీయించేదానివి. ఆయన మీద ఒట్టేస్తే ప్రాణం పోయినా తప్పకూడదని మాకు నేర్పావు. ఆ దొంగకు మన జిల్లా సంగతి ఎవరు చెప్పారో గానీ, నా నోటికి తాళం ఎక్కడ ఉందో సరిగ్గా కనిపెట్టాడు.

మరుసటి రోజు నా ఖాతాలో ఉన్నదంతా "పరిశీలన" అని పేరు పెట్టి వాళ్ళు చెప్పిన చోటికి పంపించుకున్నారు. ఎంత అని అడగొద్దు. ఆయనకు చెప్పాను, పోలీసులకు రాసిచ్చాను, అది చాలు. చివరికి "మీ మీద కేసు మూసేశామమ్మగారూ" అన్నాడు. నేను ఏడుస్తూ, "మీరు చల్లగా ఉండాలి సార్, మీ పేరు, నక్షత్రం చెప్పండి" అన్నాను. ఒక పేరు చెప్పాడు. నక్షత్రం తెలీదన్నాడు. శనివారం గుడిలో ఆ పేరు మీద అర్చన చేయించాను.

నాన్న సంవత్సరీకానికి నేను వచ్చేసరికి ఇది జరిగి రెండు వారాలు. నీ కళ్ళలోకి చూస్తే నోరు జారుతుందని నీ దగ్గర కూర్చోలేదు. ఇందు కూడా తలెత్తలేదు. తన కొడుకు భరత్ చేతికి కట్టు ఉంటే, బండి మీద నుంచి పడిన దిగులేమో అనుకున్నాను. అంతకుమించి అడగలేదు.

ఆ తర్వాత పది రోజులకు నిజం పోలీసు వచ్చాడు. దొరస్వామి అని కానిస్టేబులు. మిట్టమధ్యాహ్నం వాకిట్లో నిలబడి, "రాజేశ్వరమ్మ ఇల్లు ఇదేనామ్మా?" అన్నాడు.

"అవునప్పా, ఏమి?"

"పలమనేరు పక్క ఒకని బ్యాంకు ఖాతా పట్టినాము. దాంట్లోకి నీ దుడ్లు పోయిండాయి. ఎందుకు పంపిస్తివి?"

"నాకేం తెలీదప్పా."

"నీ పేరు ఈడ రాసుండాదే!"

"వేరే రాజేశ్వరి అయ్యుండొచ్చు."

"ఆధార్ నంబరు కూడా వేరే రాజేశ్వరిదేనా?"

"నువ్వు నిజం పోలీసువేనా?" అని అడిగేశాను. ప్రహరీ అవతల నుంచి పక్కింటి అంకమ్మ తల పెట్టి, "పోలీసైతే టోపీ యాడప్పా?" అంది.

"బండి మీద గాలికి ఎగిరిపోతాదని డిక్కీలో పెట్టినానమ్మా! ఇదో కార్డు. ఇంగేం సూపీమంటారు? ఎండకు కాళ్ళు కాల్తాండాయి ఈడ."

ఆ మనిషికి గ్లాసుడు నీళ్ళయినా ఇవ్వకుండా తలుపేశాను. దొంగ పోలీసును పూజగదిలోకి రానిచ్చాను, నిజం పోలీసును వాకిట్లోనే నిలబెట్టాను. వేసిన ఒట్టు తప్పలేదు కదా అని పటం ముందర కూర్చుంటే, ఆరోజు మొదటిసారి స్వామి మొహం చూడలేకపోయాను.

మరుసటి రోజు ఆయనతో చిత్తూరులో పెళ్ళి పిలుపు ఉందని చెప్పి కాణిపాకం పోయాను. స్వామినే అడుగుదామని. నా ముందర ప్రమాణం చేయడానికి కోనేట్లో మునిగి, తడిబట్టలతో ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారు. బోరు మోటారు పోయిందట, తమ్ముడి మీద అనుమానమట. అన్న అంటున్నాడు: "స్వామి ముందర మూసిపెట్టేది వద్దురా. ఉండేది ఉన్నట్టు చెప్పు. చెప్పినాక నేనేమీ అనను."

అక్కడే నిలబడిపోయాను అమ్మా. నా పుట్టుక నుంచీ ఎంతమంది కాణిపాకంలో ప్రమాణం చేయగా విన్నాను! అందరూ నిజం చెప్పడానికే వచ్చారు. నిజం దాచిపెడతానని ఆ స్వామికి ఎవరైనా మాటిచ్చారా? నేను ఒక్కదాన్నే ఇచ్చాను. అదీ ఒక దొంగ ఇవ్వమంటే. ఆయన ఎదట నిలబడి మొదటి నుంచి చివరిదాకా చిన్న గొంతుతో చెప్పుకున్నాను. వెనక ఉన్న ఒకామె, "యాందమ్మా, ఊరి కోరికలన్నీ నువ్వే అడిగితే మాకేం మిగల్తాది, కదులు" అనేదాకా చెప్తూనే ఉన్నాను.

ఇంటికొచ్చి నీ అల్లుడికి చెప్పాను. అంతా విన్నాడు. తర్వాత, "వాని పేరు మీద అర్చన గూడా చేయిస్తివా?" అన్నాడు. నవ్వడం మొదలుపెట్టి, నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. "పోయింది పోనీలే, బయటపడితే నలుగురూ నవ్వుతారు" అని వాళ్ళ అన్న సలహా ఇచ్చాడు. నవ్వనీ అన్నాను. నా పెళ్ళయి ముప్పై ఏళ్ళలో బావగారి మాటకు ఎదురు చెప్పడం అదే మొదలు.

స్టేషన్‌లో ఎస్సై ఆడమనిషి, జాహ్నవి అని. కుర్చీ వేయించింది. "పోలీసు ఎవురూ ఫోన్లో అరెస్టు చెయ్యరమ్మా. అట్లాంటిది చట్టంలోనే లేదు" అంది. దొరస్వామి అక్కడే ఉండి, "మేడం, ఈయమ్మ నన్నే దొంగ అనె" అని నా మీద చెప్పాడు. ఆయనకు చేతులెత్తి మొక్కాను. "నీళ్ళు బాకీ ఉండావులేమ్మా" అని నవ్వాడు.

"ఆ వేషం వేసినవాడిని పట్టుకోగలరా?" అని ఎస్సైని అడిగాను. ఉన్న మాటే చెప్పింది. "వాడు యాడ కూర్చోని మాట్లాడినాడో ఇంకా తెలీదు. దేశంలో ఉండాడో లేదో గూడా తెలీదు. ఖాతా అద్దెకిచ్చినోడు మాత్రం దొరికినాడు. వాని కాడి నుంచే ఒక్కొక్కరినీ పట్టుకుంటా పోవల్ల. మీరు నోరు తెరవకుంటే, నాకేం తెలీదు సార్, ఎవురో పొరపాటున పంపినారు అని వాడు గూడా బయటపడతాడు."

ఫిర్యాదు రాసిచ్చాను. అప్పుడు ఆమె ఒక కాగితం తిప్పి, "ఈ ఇందు ఎవురమ్మా? పుంగనూరు. మీది పోయిన వారానికే ఈమెది గూడా అదే ఖాతాకు పోయిండాది" అని చూపించింది.

నా చెల్లెలి పేరు రెండుసార్లు చదివి, తేదీ లెక్కపెట్టుకున్నాను. నాన్న సంవత్సరీకం రోజు మేమిద్దరం ఒకే ఇంట్లో, ఒకే దొంగకు వేసిన ఒట్టుతో, ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నామమ్మా. ఒకరితో ఒకరం చెప్పుకోలేదు.

ఆ సాయంత్రం చెల్లెలికి ఫోను చేశాను. కేసు సంగతి ఎత్తగానే అడ్డుపడింది. "నేనేమీ చెప్పనక్కా. భరత్ తల మీద చెయ్యి పెట్టి ఒట్టేపిచ్చినారు. ఒకపారి ఇంట్లో చెప్దామని నోరు తెరిస్తిని, ఆ పొద్దే వాడు బండి మీద నుంచి పడె. ఇంగ నన్నేమీ అడగద్దు. నా బిడ్డ నాకు కావల్ల" అని పెట్టేసింది. దాని మొగుడు మునిచంద్రకు ఇప్పటికీ ఏమీ తెలీదు.

ఎస్సై ఈ వచ్చే సోమవారం కాక, ఆ పై సోమవారం రమ్మంది. ఆరోజు వాంగ్మూలం వివరంగా రాసుకుంటారట. ఇందు కూడా వస్తే కేసు నిలబడుతుందని చెప్పింది.

ఇంతవరకూ రాసింది ఆయనకు తెలుసు, పోలీసులకు తెలుసు. ఇక రాయబోయేది నీకే మొదట చెప్తున్నాను.

ఆ శుక్రవారం ఖాకీ బట్టలవాడు, "మీరు మంచివారని చెప్పడానికి ఒక జామీను మనిషి కావాలి, మీకు బాగా నమ్మకమైనవాళ్ళ నంబరు ఇవ్వండి" అన్నాడు. నేను ఒక్క క్షణం ఆలోచించకుండా ఇందు నంబరు ఇచ్చాను. పేరు చెప్పాను. ఊరు చెప్పాను. "ఒక్కడే కొడుకు సార్, చాలా నెమ్మదస్తురాలు" అని కూడా నేనే చెప్పాను. ఆ కొడుకు తల మీదే ఒట్టు వేయించుకున్నారు. నా నోటి నుంచి విన్న మాటతోనే ఇందును పట్టుకున్నారు.

స్టేషన్‌లో ఎస్సై అడిగింది కూడా. "మీ చెల్లెలి నంబరు వాళ్ళకు ఎట్లా దొరికిందమ్మా?" అని. "తెలీదు మేడం" అన్నాను. స్వామి ఎదట అన్నీ చెప్పుకున్నాననుకుని వచ్చి, మళ్ళీ అబద్ధమాడాను. ఆమె అది కాగితం మీద రాసుకుంది.

అందుకే ఒక నిర్ణయానికి వచ్చానమ్మా. ఆదివారం మొదటి బస్సుకు పుంగనూరు పోతున్నాను. ఈ ఉత్తరం నీ చేతికి అందేసరికి పోయి వచ్చేసి ఉంటాను. ఇందు ఎదట కూర్చుని, నంబరు ఇచ్చింది నేనేనని నా నోటితో చెప్తాను. తిడితే తిట్టించుకుంటాను. వెళ్ళిపొమ్మంటే అరుగు మీద కూర్చుంటాను. మునిచంద్ర ముందర కూడా చెప్తాను. ఆ తర్వాత వారానికి, ఎస్సై చెప్పిన సోమవారం స్టేషన్‌కు, తను వస్తే ఇద్దరం, రాకపోతే నేను ఒక్కదాన్నే పోతాను. మొదట "తెలీదు" అన్న మాట కొట్టేయించి, తర్వాతే సంతకం పెడతాను. ఖాతా ఇచ్చినవాడి వకీలు కోర్టులో ఎన్నిసార్లు అడిగినా ఇదే చెప్తాను. నా గొంతు చిన్నదే. దగ్గరికి వచ్చి వినమంటాను.

నీ సాయం ఒకటి కావాలి. భరత్ గురించి చెల్లెలికి నేను చెప్తే నమ్మదు. పిల్లవాడు పడింది రోడ్డు మీద ఇసుక ఉండబట్టి అని, దొంగ వేయించిన ఒట్టు ఏ బిడ్డకూ తగలదని నీ చేత్తో రాసి పంపు. మాకు ఒట్టంటే భయం నేర్పింది నువ్వు. ఆ భయం తీయడం కూడా నీవల్లే అవుతుంది.

ఇంకొక మాట. ఇందు కోపంతో కుప్పం వచ్చి, "అక్క నన్ను ఆ దొంగల చేతిలో పెట్టింది" అని నీ ఒళ్ళో ఏడిస్తే, పెద్దదాన్నని, అమాయకురాలినని నన్ను వెనకేసుకు రావద్దమ్మా. నిజమే, మీ అక్కే పెట్టింది అని చెప్పు. దానికి అన్నం పెట్టు. తిన్నాక స్టేషన్‌కు పంపించు.

ఇట్లు,
నీ మాట వినే పెద్ద కూతురు,
రాజేశ్వరి