పిల్లి బుట్టలో నీ చొక్కా

నాన్నా,

నాకు బస్సు టైమైంది. టీ తర్వాత తాగుదువుగాని, ముందు పిల్లిని తీసుకెళ్లు. మొన్న నువ్వు చూపించిన కుక్కల డాక్టరు దగ్గరికి మాత్రం వద్దు. మలబద్ధకమని ఆముదం పట్టించి పంపాడు మహానుభావుడు. పోస్టాఫీసు వెనక డాక్టరమ్మకు ఫోన్ చేశాను. "ఆఖరిసారి ఉచ్చ ఎప్పుడు పోసింది?" అని మొదటి మాటే అడిగింది. చుక్కలు చుక్కలుగా వస్తోందంటే, "మగపిల్లికి అది ప్రమాదం, తొమ్మిదింటికల్లా తెచ్చెయ్యండి" అంది.

నీ కుట్టుమిషను పక్కన కస్టమరు గుడ్డ తడిపింది పొగరుతో కాదట, నొప్పితోనట. చీపురు పట్టుకుని తరిమావని నీతో రెండ్రోజులు మాట్లాడలేదు నేను. సరే, పోనీలే.

అన్నట్టు, బుట్టలో నా దుప్పటి పరిస్తే దిగిపోయింది. నీ పాత చొక్కా వేశాక ముడుచుకుని పడుకుంది. నువ్వు తరిమింది దానికి గుర్తున్నట్టు లేదు నాన్నా.