చచ్చిన దొర సైకిల్

9 ఏప్రిల్ 1954, శుక్రవారం

నా సైకిల్‌ను మా అక్కమొగుడు ఎల్లప్ప బావకు ఇచ్చేశాడు బాపు. నేను డ్యూటీలో ఉండగా. నా జీతంతో కొన్న సైకిల్!

కారణం బెల్లు. వారం నుంచి రాత్రిళ్లు వరండాలో దానంతట అదే మోగుతోంది. చచ్చిపోయిన తెల్లదొర సామాను లష్కర్‌లో, అదే సికింద్రాబాద్‌లో, వేలం వేస్తే ఈ సైకిల్ కొన్నాను. అంతే, దొర తన సైకిల్ కోసం వచ్చాడని తేల్చేశారు. నిన్న రాత్రి బెల్లు మోగగానే అమ్మ ప్రార్థన మొదలుపెట్టి మధ్యలోనే ఆపింది. దొరకు తెలుగేం సమజైతది, ఇంగ్లీషుల చెప్పుండ్రి అంది. ఇంట్లో బడికి పోయేది చెల్లెలు రాహేలు ఒక్కతే. దానికి వచ్చింది ఏబీసీడీ. దుప్పట్లోంచి గొంతు చించుకుని చదివింది. క్యూ దగ్గర బెల్లు మోగింది. బాపు బియ్యం డబ్బా వెనక దూరి, గో దొరా, గో, ప్లీజ్ అని దండం పెట్టాడు. నేను నవ్వినందుకు చెంప పగిలింది.

బావకే ఎందుకంటే, ఆయనకు ఇంకా బాప్తిస్మం కాలేదట. గాయిన మనోడు కాదు, దొర ముట్టడు అన్నాడు బాపు.

12 ఏప్రిల్

శాలిబండలో మా ఇంటి నుంచి సికింద్రాబాద్ కార్ఖానా దాకా నడక. లేట్. ఇంకోసారి లేటైతే పేరు కొట్టేస్తానన్నాడు ఫోర్‌మన్.

13 ఏప్రిల్

మూడింటికే లేచి నడిచాను. చెప్పు తెగింది.

14 ఏప్రిల్, రాత్రి

పత్తర్‌గట్టిలో బావ పనిచేసే బట్టల దుకాణం ముందు నా సైకిల్ ఉంది. హ్యాండిల్ మీద ఎండిన కోడిరెట్ట. బెల్లు మీటలో ఎర్ర ఈక. అమ్మ పెంచే కోడి! రాత్రంతా హ్యాండిలెక్కి పడుకుని, కాలు కదిపినప్పుడల్లా మీట నొక్కింది.

ఇంటికొచ్చి ఈక చూపించాను. అమ్మ గుండె బాదుకుంది. అయ్యో, దొర కోడిల జొచ్చిండా అంది.

18 ఏప్రిల్, ఈస్టర్

కోడిని కోశారు. బావ భోజనానికి వచ్చాడు, నా సైకిల్ మీద. తొడ ముక్క ఆయనకే.

దయ్యం లేదని తేలింది కదా, సైకిల్ ఇవ్వమన్నాను. సైకిల్ నా కాడికొచ్చినంకనే దయ్యం పాయె గద బామ్మర్దీ, మల్ల నీకిస్తే మల్ల లొల్లి, నాకేం ఫికర్ లేదు, నేనే ఉంచుకుంట అని ఎముక చీకాడు. బాపు తలూపాడు. నా ఉద్యోగం పోతుందన్నాను. అన్నం తినేకాడ గొడవేందిరా అంది అమ్మ.

అదే రాత్రి

పక్కింటి పిల్లగానితో బావకు చీటీ పంపాను:

ఎల్లప్ప బావా, రేపు పొద్దున అయిదు లోపల సైకిల్ మా వాకిట్ల ఉండాలె. ఇస్తవా, ఇయ్యవా? గిప్పుడే జవాబు రాసి చీటీ తెచ్చినోని చేతికియ్యి.