టైటిల్‌లో పినపాక

అన్నా,

ఇప్పపూలు ఏరేవాళ్ల మీద పడే ఎలుగుల గురించి నువ్వు పరిశోధన పేపర్ రాసినప్పుడు మీ పీహెచ్‌డీ గైడ్, "టైటిల్‌లకెల్లి పినపాక తీసెయ్. చిన్న ఊరి పేరుంటే బయటోళ్లు సైటేషన్ ఇయ్యరు" అన్నాడు. "ఎలుగు చీరేసింది పినపాకోళ్ల మొఖాలు. నేను తియ్య సార్" అని కుర్చీ తన్ని లేచావు. ఆయనన్నట్టే ఎవరూ తమ పేపర్లలో దాన్ని ఉదహరించలేదు.

నిరుడు రాలిన పూలు కనబడాలని మనం ఇప్పచెట్టు కింద ఆకులు తగలబెడుతుంటే, పొగలోంచి ఎలుగు నీ మీద పడింది. నేను గొడ్డలితో నరికి తరిమేసరికి నీకు ముఖం మిగల్లేదు.

నిన్న మొదటిసారి ఎవరో నీ పేపర్‌ను ఉదహరించారు. వాళ్ల పేపర్ చివర, రిఫరెన్సుల్లో నీ పేరుంది, పక్కన టైటిల్‌లో పినపాక ఉంది. లోపల, ఎలుగుల దాడిలో చనిపోయినవాళ్ల లెక్కలో పేరు లేని ఒకడున్నాడు. వాడి తమ్ముడు ఎలుగును గొడ్డలితో తరిమాడట.

ఇద్దరూ ఒకరేనని రాసినవాళ్లకు తెలియదు.