ఏడో మెట్టు

చిరంజీవి అమ్మాయికి మీ నాన్న ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేను క్షేమం. మోకాళ్ళు తప్ప మిగతా అవయవాలన్నీ ఇంకా నా మాట వింటున్నాయి. అక్కడ నువ్వూ అల్లుడూ క్షేమమని రాయాలి గానీ, నీ విషయంలో ఆ మాట ఊరికే రాయడానికి చెయ్యి రావడం లేదు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గ్రంథాలయానికి వెళ్ళి, మీ డాక్టరమ్మ అనుమానించిందన్న మైటోకాండ్రియా జబ్బు గురించీ చదివాను. మైటోకాండ్రియా ఒంట్లోని కణాలకు పొయ్యి లాంటివట. అది సరిగా మండకపోతే ఎంత తిన్నా సత్తువ ఉండదట. ఆ లోపం కొన్నిసార్లు తల్లి నుంచి వస్తుందట. ఆవిడ మీ అమ్మ సంగతులు అడిగింది అందుకే.

అమ్మకు కనురెప్పలు వాలేవా అని అడిగావు. వాలేవి. నలభై దాటేసరికి తల వెనక్కి వంచి చూసేది. "నీ పెళ్ళానికి ఎంత పొగరురా! చూపు కూడా కిందికి దిగదు" అనేది మీ మేనత్త. ఆ మహాతల్లికి పళ్ళన్నీ అరిగాయి, నాలుక మాత్రం అరగలేదు. వినికిడి కూడా మందగించింది. పిలిస్తే పలకదని నేను విసుక్కునేవాణ్ణి. మన మేడకు పద్నాలుగు మెట్లు కదా, ఏడో మెట్టు మీద కూలబడేది.

"ఏం, మహారాణిగారు కొలువు తీరారా?" అనేవాణ్ణి.

"మీరు పదండి. నా కాళ్ళు వెనకాల వస్తాయి" అనేది.

మన వీధి డాక్టరు ఇరవై ఏళ్ళు ఎర్ర టానిక్కే రాశాడు. "అంతా మీ మనసులోనే ఉందమ్మా" అనేవాడు. ఆయన బుర్రలో ఏముందో పరీక్ష చేసినవాళ్ళు లేరు.

ఇక నువ్వు అడగనిది ఒకటుంది.

అమ్మ పోవడానికి పదకొండేళ్ళ ముందు, ఆ వీధి డాక్టరు సెలవులో ఉంటే ఇంకో డాక్టరు చూశాడు. నన్ను పక్కకు పిలిచి, "కండలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయించాలండీ. పెద్దాసుపత్రికి చీటీ రాశాను" అన్నాడు.

"సోమరితనం కండలో దొరుకుతుందాండీ?" అన్నాను. నా చమత్కారానికి నేనే నవ్వుకున్నాను.

ఇంటికొచ్చాక ఏడో మెట్టు మీద కూర్చుని అమ్మ అడిగింది, "ఏమన్నారు?"

"ఏమీ లేదన్నారు."

"అయితే నాది నిజంగా బద్ధకమేనేమోనండీ" అంది. నేను కాదనలేదు. ఆ మాట నమ్మే పోయింది.

చీటీని అప్పుడు చదువుతున్న పుస్తకంలో గుర్తుగా పెట్టాను. చేతికందిన కాగితమల్లా అలా పెట్టే అలవాటు నీకు తెలుసు. ఆ పుస్తకం మీద సభల్లో ఉపన్యాసాలు కూడా ఇచ్చాను. నీ ఉత్తరం చూశాక తీస్తే, చీటీ నలభై రెండో పేజీలోనే ఉంది. ముప్పై ఏళ్ళు ప్రెస్సులో పరాయివాళ్ళ అచ్చుతప్పులు దిద్దిన మనిషిని!

చీటీ ఈ ఉత్తరంతోనే పెట్టాను. డాక్టరమ్మకు ఇవ్వు. ఆమె చెప్పిన పరీక్ష చేయించుకో, వాయిదా వేయకు. నా రక్తం ఇందుకు పనికిరాదట. నేను ఇవ్వగలిగింది ఈ సాక్ష్యమే.

నువ్వూ మెట్ల మధ్యలో కూర్చుంటున్నావనీ, అల్లుడు నవ్వుతాడనీ రాశావు. ఈ ఉత్తరం అతనికి చదివి వినిపించు. నీ పక్కన కూర్చోమను. ఏడో మెట్టు మీద ఇద్దరికి చోటుంటుంది. మొన్న మోకాళ్ళు మొరాయిస్తే కూర్చుని చూశాను.

ఇట్లు,
అడగని ప్రశ్నకు ఆలస్యంగా జవాబిచ్చిన
మీ నాన్న