జేబులో దొరికిన గుర్రం

అక్కా,

నేను కులాసా. ఇక కథలు రాయనని పోయిన కార్డులో అన్నాను కదా, ఆ మాట పక్కన పెట్టు.

మా లాండ్రీలో ఇస్త్రీ పెద్దాయన ఒక పందెం పెట్టాడు. బట్టలు ఉతికేముందు జేబుల్లో దొరికిన వస్తువొకటి వారం వారం బల్ల మీద పెడతాడు. దాని మీద పనివాళ్లందరం తలా ఒక కథ రాయాలి. రాయనివాడు ఊరందరి సాక్సులూ వెతికి జతలు కలపాలి. ఆ చాకిరీకి భయపడే మళ్లీ కలం పట్టాను.

ఈ వారం దొరికింది చదరంగం గుర్రం. యజమాని ఓడిపోతుంటే చూడలేక, అది ఆట మధ్యలో ఆయన జేబులోకి దూకేసిందని రాశాను. అందరికీ చదివి వినిపిస్తుంటే, ప్యాంటు కోసం వచ్చిన ఆ యజమానే నా వెనకాల నిలబడి ఉన్నాడు. ఆయన పళ్ల డాక్టరే గానీ, ఆయన పళ్లు మాత్రం మేమెవరం చూడలేదు. కాయితం గబుక్కున మడిచేశాను.

"అది దూకలేదయ్యా, నేనే దాచాను. మా మామగారు గెలిచేస్తున్నారని," అన్నాడు మెల్లగా. "కానీ నీదే బాగుంది. ఆ కాయితం ఇలా ఇవ్వు, ఇంట్లో ఇదే చెప్తాను."

గుర్రాన్ని బల్ల మీదే మరిచిపోయి, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుకుంటూ నా కథ పట్టుకుపోయాడు.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? వంటింటి కుళాయి ఇంకా కారుతోందా? బావ చొక్కాలు ఉతికేముందు జేబులు వెతుకు. ఏం దొరికినా నాకు పంపు, డబ్బులైతే నువ్వే ఉంచుకో. ఈ ముక్క బావకు చదివి వినిపించకు. ఆయనకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

సాక్సుల జతలు కలపడం తప్పించుకున్న
నీ తమ్ముడు