ముక్కుకెక్కే తెల్ల వేరు

కూనూరు

అవ్వా, ఫోన్లో నీకు వినపడదని కార్డు రాస్తున్నాను, తమ్ముడు కోటేశ్వర్ గట్టిగా చదువుతాడు. నేను బాగున్నాను.

నిన్న మా హోటల్ వంటగదిలో హార్స్‌రాడిష్ అనే తెల్ల వేరు తురిమాను. ఘాటు ఆవపిండిలా నేరుగా నడినెత్తికెక్కింది. కళ్లనీళ్లలో కిటికీ అవతలి పొగమంచంతా మర్రిపాడు మెట్టలో మన గొర్రెల మందలా మెల్లగా కదిలింది, వెనకే నువ్వు నడిచొస్తున్నావు. నాతో వంటగదిలో పనిచేసే ఆత్మకూరు పెంచలప్రసాదన్న "ఏంది మే, ఇంటి మీద బెంగ పెట్టుకుంటివా?" అన్నాడు. అవునన్నాను.

జ్వరం తర్వాత నీకు ఏ రుచీ తెలియక సంగటి వదిలేస్తున్నావట. ఈ ఘాటు నాలుకను అడగదు, ముక్కులోనే తగులుతుంది. తురుములో వెనిగర్, ఉప్పు కలిపి ఊరికొస్తున్న పెంచలప్రసాదన్న చేత సీసా పంపుతున్నాను. ఇక్కడ మీగడ కలిపి కాల్చిన మాంసంతో పెడతారు. నువ్వు గడ్డపెరుగులో అర చెంచా కలిపి పొట్టేలు వేపుడుతో తిను. సి విటమిన్ ఉందంటారు గానీ అర చెంచాలో ఎంతుంటుందిలే, నాలుగు ముద్దలు లోపలికి పోతే చాలు. కడుపులో మండితే మానెయ్యి.

నల్లమేక ఈనిందా? నాయన మోకాలు ఎలా ఉంది?

అందరికీ దండాలు. తినేటప్పుడు నీ కళ్లలో నీళ్లు తిరిగితే వెంటనే కబురు పెట్టించు. నువ్వు ఏడ్చావని విన్న రోజు నేనూ కడుపునిండా తింటాను.

నీ రేణుక