దుఖాన్ చెల్లెలికి దిష్టి

నవంబరు 7, శుక్రవారం

దుఖాన్‌లో చెల్లెలి ఇంటి నుంచి మా ఆయనా నేనూ ఇప్పుడే వచ్చాం. ఒళ్ళు మండిపోతోంది. నా పాత జాకెట్లకు కుట్లు వేసుకుని తొడుక్కున్న సుజాత! ఇప్పుడు దానికి కంపెనీ క్వార్టర్, ముందు పచ్చగడ్డి, క్లబ్బు, ఈతకొలను, నడిచి వెళ్ళేంత దూరంలో సముద్రం. ఈత కూడా నేర్చుకుందట. "నువ్వు గూడ దిగక్కా, ఏం గాదు." దిగుతానా! చీర తడవకుండా గట్టు మీద కూర్చున్నాను.

నవంబరు 8

ఇక్కడ, నగరంలో, మా ఉమ్ ఘువైలినా పేట. మాది ఒక్క గది. కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ ఏసీల వేడి. లిఫ్టు చెడింది. మెట్లెక్కడమే నా ఆటా, నా ఈతా.

నవంబరు 11

అమ్మ ఫోన్. "ఇద్దరు బిడ్డలు దుబాయ్‌లనే ఉండ్రి, నాకేం రంది లేదు." అమ్మకు గల్ఫంతా దుబాయే. ఇద్దరం ఒక్కచోటేనట... నవ్వాలా, ఏడవాలా?

నవంబరు 13

సుజాత ఫొటో పంపింది. సైకిల్ మీద, టోపీతో. వెనక సముద్రం. జవాబివ్వలేదు. మురిసిపో తల్లీ, ఎన్నాళ్ళు మురుస్తావో చూస్తా.

నవంబరు 18

ఈతకొలను దగ్గర సుజాత జారిపడింది. కాలు విరిగింది. ఫోన్లో ఒకటే ఏడుపు — "ఎవలిదో కన్ను వడ్డదక్కా. నువ్వచ్చి దిష్టి తియ్యి. నీ చెయ్యి మంచిది."

క్లబ్బులో ఆవిడో, ఎదురింటి ఆవిడో అని అందరినీ అనుమానించింది. నన్ను తప్ప.

నవంబరు 21, శుక్రవారం

మా ఆయన నన్ను సుజాత ఇంట్లో దింపి వెళ్ళాడు. ఉప్పు, ఎండుమిరపకాయలు పిడికిట పట్టి దాని చుట్టూ తిప్పాను. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఊరోళ్ళ దిష్టి..." తర్వాత 'నా దిష్టి' అనాలి. అమ్మ ఎప్పుడూ అలాగే అనేది. నేనది దాటేశాను.

ఇంట్లో కాలిస్తే పొగకు అలారం మోగుతుందట. పెరట్లో బొగ్గుల మీద వేశాను. మిరపకాయలు మాడి మసయ్యాయి — ఘాటే లేదు. ఒక్క తుమ్మూ రాలేదు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టే.

"అవ్వో, గింత దిష్టా! ఎవలిదక్కా?"

సముద్రం గాలికి ఘాటు అటు కొట్టుకుపోయిందన్నాను.

"కాలు మంచిగయ్యేదాంక ఈడనే ఉండరాదు. రోజు తియ్యి."

పిచ్చిది. దాని తల నిమిరాను. ఏడుపొచ్చింది.

నవంబరు 22

ఉండిపోయాను. పొద్దున్నే ఒక్కదాన్నే సముద్రం దాకా నడిచాను. ఎంత హాయిగా ఉందో! తిరిగొస్తూ ఆ పచ్చగడ్డి, ఆ సైకిల్ చూశాను... మళ్ళీ అదే మంట. కాలు విరిగిన చెల్లెల్ని చూసి కూడా కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నాను, ఛీ.

సాయంత్రమైంది, మళ్ళీ దిష్టి తీయాలి. ఉప్పు తెస్తానని వంటింట్లోకి వచ్చి ఇది రాస్తున్నాను. ఈసారి 'నా దిష్టి' అనే తీరాలి. పైకి అంటే నా గొంతు విని దానికి తెలిసిపోతుంది. లోపల అనుకుంటే దిష్టి పోతుందో, పోదో —

"అక్కా, ఉప్పు దొరికిందా?" అని పిలుస్తోంది.